పిడుగుమాను బెరడు

కుసుంభ దేశంలో ఇంటికి తాళం వేసుకోనివారు కూడా గుమ్మానికి తాళంచెవుల గుత్తి వేలాడదీసేవారు. అది వీధిలో పడిపోయినవారి కోసం. ఆ దేశంలో కొందరికి ఉన్నట్టుండి ఒళ్లు బిగుసుకుపోయేది, కాళ్లూ చేతులూ కొట్టుకునేవి, స్పృహ ఉండేది కాదు. దగ్గరలో ఉన్న ఇంటివారు గుత్తి పట్టుకుని పరుగెత్తి, పడినవారి గుప్పిట్లో పెట్టేవారు. కాసేపటికి కొట్టుకోవడం ఆగేది. ఇనుము పనిచేసిందని చెప్పుకుంటూ జనం వెళ్లిపోయేవారు.

ఆ జబ్బును వాళ్లు రక్కసిపట్టు అనేవారు. ఉత్తరపు కొండల్లో ఉండే విద్యున్ముఖి అనే రాక్షసి మెరుపై వచ్చి మనిషి తలలో దూరుతుందని, ఇనుము తగిలితే పారిపోతుందని వారి నమ్మకం. పట్టు ఉన్న పిల్లల చేతికి ఇనుప కడియం తొడిగేవారు. పెద్దయ్యాక దాన్ని సాగదీసి మళ్లీ తొడిగేవారు.

రాజు వీరకేతుకు ఒక్కతే కూతురు. పేరు వకుళ. చిన్నతనం నుంచి ఆమె చేతికీ ఇనుప కడియం ఉంది. వీరకేతు వృద్ధుడయ్యాడు. ఒక ఉగాదినాడు సభ జరుగుతుండగా రాజ్యఖడ్గం కూతురికి అందించబోయాడు. వకుళ చెయ్యి చాచింది. ఖడ్గం అందుకోకముందే పడిపోయింది. భటులు ఆమె గుప్పిట్లో తాళంచెవులు పెట్టారు. ఆమె లేచేసరికి మంత్రి ధర్మగుప్తుడు సభామండపం గోడ దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ గోడమీద చెక్కిన ధర్మాన్ని చదివాడు.

“ఇనుము పట్టించి లేపవలసినవారు రాజ్యఖడ్గం పట్టరాదు.”

రాజు ఏడాది గడువు అడిగాడు. మంత్రి ఒప్పుకున్నాడు. వచ్చే ఉగాదికి వకుళ ఖడ్గం పట్టలేకపోతే అది రాజు తమ్ముడు జయకేతుకు వెళుతుంది.

జయకేతు చెడ్డవాడు కాదు. ఆయన ఆలోచన మాత్రం ఇలా ఉండేది: “పట్టు ఉన్నవాళ్లందరినీ ఏటి నడుమ లంకలో ఉంచుదాం. అక్కడ నూతులు లేవు, పొయ్యిలు లేవు, గుర్రపుబళ్లు లేవు. వాళ్లకీ మంచిది, చూసేవాళ్లకీ మంచిది.” ఆయన అప్పుడే పడవలు కట్టించడం మొదలుపెట్టాడు. రేవుకు నీళ్లకు వెళ్లే ఆడవాళ్లు ఆ పడవలను చూసి, పట్టు ఉన్న పిల్లల చేతులు గట్టిగా పట్టుకుని తిరిగి వచ్చేవారు. వకుళ మేడమీద నుంచి అదంతా చూసింది.

ఆమె రాజవైద్యుడు శంఖపాలుడి దగ్గరికి వెళ్లింది.

“నాకు తెలిసిన మందులన్నీ వాడాను తల్లీ,” అన్నాడు ఆ ముసలాయన. “ఒక్కటి మిగిలింది. విద్యున్ముఖి ఉండే కొండమీద పిడుగుమాను అనే చెట్టు ఉందట. ఏటేటా పిడుగులు దానిమీదే పడతాయట. అది కాలదట. పిడుగును అణచగల బెరడు తలలోని మెరుపును అణచదా అని నా ఆశ. అది ఆశే, మందని నేను చెప్పలేను.”

“తెచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా?”

“వెళ్లినవాళ్లు ఉన్నారు.”

వకుళ తానే వెళతానంది. పట్టు వస్తే గుప్పిట్లో ఇనుము పెట్టడానికి తోడు ఒక మనిషి కావాలి. భటులు పులికి భయపడరుగానీ రక్కసికి భయపడ్డారు. ఆ సమయానికి అద్దకంవారి అమ్మాయి చెంగల్వ అంతఃపురానికి చీరలు ఇవ్వడానికి వచ్చింది. మూట దించి, “నేను వెళ్తాను,” అంది.

“నీకు భయం లేదా?” అన్నాడు రాజు.

“ఎందుకు లేదు ప్రభూ? కానీ మా చిన్నాన్న కూతురికీ కడియం ఉంది. ఆ పడవలు ఎవరికోసమో మా వాడలో అందరికీ తెలుసు.”

మర్నాడు ఇద్దరూ బయలుదేరారు. వకుళ నడుముకు బాకు, చేతికి కడియం. చెంగల్వ కొంగుకు తాళంచెవుల గుత్తి.

“నన్ను పేరు పెట్టి పిలువు,” అంది వకుళ అడవి అంచున. “నువ్వు ‘రాకుమారిగారూ’ అని కేకేస్తే పులులన్నీ దండం పెట్టడానికి వచ్చేస్తాయి.”

“పేరు పెట్టి పిలిచానని తెలిస్తే మా అమ్మ నన్ను నీలిబానలో ముంచుతుంది. అమ్మాయిగారూ అంటాను. పులులకి అదైతే అర్థం కాదు.”

అడవిలో నడవగా నడవగా ఒక నల్లకొండ అడ్డొచ్చింది. దారి కొండ పక్కనుంచే ఉంది. కొండనిండా కత్తులు, ఈటెలు, గుర్రపు కళ్లాలు అతుక్కుని ఉన్నాయి. దారికి అడ్డంగా ఏనుగంత అలుగు అనే జంతువు ఒకటి చుట్టచుట్టుకుని పడుకుంది. మనుషుల అలికిడికి ఒళ్లంతా పెంకులు గలగలలాడిస్తూ విప్పుకుంది.

“ఇది సూదంటురాయి కొండ,” అంది అలుగు. “ఇనుము ఉన్నవాళ్లు ఇక్కడినుంచే వెనక్కి వెళ్లిపోతారు. వెళ్లనివాళ్ల ఇనుమును కొండ లాక్కుంటుంది.”

“వేరే దారి లేదా తాతా?” అంది చెంగల్వ.

“ఉంటే నేను ఇక్కడ ఎందుకు పడుకుంటాను? అక్కడే పడుకుందును కదా.”

వకుళ కడియం వైపు చూసుకుంది. ఊహ తెలిశాక అది లేకుండా ఒక్క పూట కూడా గడపలేదు. తర్వాత కొండ పక్కకు అడుగు వేసింది. బాకు ఒరలోంచి లేచి వెళ్లి కొండకు కొట్టుకుంది. చెంగల్వ కొంగు చిరిగి గుత్తి ఎగిరిపోయింది. కడియం మణికట్టును గీరుకుంటూ ఊడిపోయింది. కొండ దాటబోతుండగా వకుళ ఒక్క కేక పెట్టి పడిపోయింది.

“వకుళా!” అని అరిచింది చెంగల్వ. పరుగున వెళ్లి కొండను అంటుకున్న గుత్తిని రెండు చేతులా లాగింది. గుత్తి కదల్లేదు. గోళ్లు చీలాయి.

“అది మా ముత్తాత దిగివచ్చినా ఊడదు,” అంది అలుగు వెనకనుంచి. “నువ్వు ఆమె దగ్గరికి పో. తల రాయికి తగులుతోంది, కింద గుడ్డ పెట్టు. చేతులు పట్టి ఆపకు. నోట్లో ఏమీ కుక్కకు. కాస్త నెమ్మదించగానే పక్కకు తిప్పు.”

“ఇనుము లేదే! చచ్చిపోతుంది!”

“చెప్పింది చెయ్యి. తర్వాత ఏడుద్దువు.”

చెంగల్వ కొంగు మడిచి వకుళ తలకింద పెట్టింది. ఇంకేం చెయ్యాలో తెలియలేదు. నోటికి ముంతపాట వచ్చింది. గుడ్డ రంగులో ఎంతసేపు నానాలో తెలియడానికి అద్దకంవారు పాడుకునే పాట అది. ఒకసారి పాడితే లేతరంగు, రెండుసార్లు పాడితే ముదురురంగు. చెంగల్వ అదే పాడింది. రెండోసారి పాట పూర్తి కాకముందే కొట్టుకోవడం ఆగింది. ఆమె వకుళను పక్కకు తిప్పింది. ఊపిరి సరిగా ఆడుతోంది. చాలాసేపటికి వకుళ కళ్లు తెరిచింది.

“ఇనుము ఏది?” అంది మొదట.

“పెట్టలేదు.”

“మరి ఎలా ఆగింది?”

చెంగల్వ వేరే సంగతి తలచుకుంటోంది. చిన్నాన్న కూతురు అద్దకం పాకలో పడిపోయినప్పుడల్లా బాన దగ్గర ఎవరో ఒకరు పాట పాడుతూనే ఉండేవారు. తాళంచెవులు పెట్టినా అది ఆగేది పాట రెండోసారికే.

“దానంతట అదే ఆగింది,” అంది చివరికి. “ఎప్పుడూ అంతేనేమో. ఇనుము పెట్టకుండా ఎవరూ ఊరుకోలేదు కాబట్టి మనకి తెలియలేదు.”

“గుప్పిట్లో వంకాయ పెట్టినా ఆగుతుంది,” అంది అలుగు. “మీ దేశంలో వంకాయ పెట్టి ఉంటే గుమ్మానికి వంకాయలు కట్టుకునేవారు.”

వకుళ మణికట్టు వైపు చూసుకుంది. కడియం ఉన్నచోట చర్మం తెల్లగా ఉంది. ఆమె నవ్వింది. తర్వాత కాసేపు ఏడ్చింది. అలుగు ఆమె చెవి దగ్గర ఏదో గొణిగింది. లేచి నిలబడ్డాక, “నన్ను పేరు పెట్టి పిలిచావు,” అంది.

“మీకెలా తెలుసు?”

“అలుగు తాత చెప్పాడు.”

“ఆ కాసేపూ నా నోరు నా మాట వినలేదు అమ్మాయిగారూ. మా అమ్మకి చెప్పకండి.”

కొండ అవతల ఒక లోయ ఉంది. అందులో రంగురంగుల ఊటలు పొంగుతున్నాయి. ఊటల చుట్టూ మనుషులు గుంపులుగా కూర్చుని పోట్లాడుకుంటున్నారు. మందుకోసం తమ రోగులను వెంటబెట్టుకుని వెళ్లి తిరిగిరానివారు వీళ్లే. లోయ కొసన ఒక బండమీద పింగళాక్షుడనే యక్షుడు కూర్చుని ఉన్నాడు.

“ఈ ఊటల్లో పట్టుకు మందు ఏది?” అని అడిగాడు. “సరిగా చెబితే దారి ఇస్తాను. తప్పు చెబితే వీళ్లలాగే ఇక్కడే ఉండాలి.”

“పచ్చ ఊట!” అని అరిచాడు ఒక గడ్డపాయన. “పట్టు వచ్చినప్పుడు మా తమ్ముడి నోరు తడిపాను. ఆగిపోయింది.”

“నీ మొహం! ఎర్ర ఊట,” అంది ఇంకొకామె. “నా కొడుక్కి పోశాను. లేచి కూర్చున్నాడు.”

వకుళ వాళ్ల దగ్గరికి వెళ్లి అడిగింది. “పట్టు వచ్చినప్పుడు ఏమీ పొయ్యకుండా ఎప్పుడైనా చూశారా?”

“అదేం మాటమ్మా! కళ్లముందు కొట్టుకుంటుంటే చూస్తూ కూర్చుంటామా?”

ఇద్దరూ యక్షుడి దగ్గరికి తిరిగి వచ్చారు. చెంగల్వ చెప్పింది: “మాకు తెలియదు.”

“అదేనా సమాధానం?”

“అదే. తాగినవాళ్లను మాత్రమే వీళ్లు చూశారు. తాగనివాళ్లను చూడలేదు. కొందరికి ఊటనీళ్లు, కొందరికి మామూలు నీళ్లు పోసి, చాలాకాలం పక్కపక్కన చూస్తే తప్ప ఎవరూ చెప్పలేరు.”

యక్షుడు ముందుకు వంగాడు. “మామూలు నీళ్లు తాగినవాడికి ఆ సంగతి తెలిస్తే?”

“దిగులు పెట్టుకుంటాడు,” అంది వకుళ. “దిగులుతో ఇంకా పడతాడు. వాడికి తెలియకూడదు.”

“పోసేవాడికి తెలిస్తే?”

“వాడి మొహం చూసి తాగేవాడు కనిపెట్టేస్తాడు. పోసేవాడికీ తెలియకూడదు.”

“ఈ బండమీద నేను కూర్చున్నప్పటి నుంచి తెలియదన్న మాట ఇదే మొదటిసారి వినడం,” అని యక్షుడు పక్కకు జరిగాడు. బండ వెనక దారి కనిపించింది. లోయలోని వాళ్లు ఆ దారి వైపు ఒకసారి చూసి, మళ్లీ పోట్లాటలో పడ్డారు.

ఆ దారి కొండ శిఖరానికి వెళ్లింది. అక్కడ పిడుగుమాను ఉంది. దాని కింద లేళ్లు, కుందేళ్లు, ఒక పులి పడుకుని నిద్రపోతున్నాయి. పులి నోటిపక్కన బెరడు ముక్కలున్నాయి. పులి డొక్క కదులుతోంది గానీ, వకుళ చప్పట్లు కొట్టినా లేవలేదు.

ఆకాశం చిటపటలాడింది. కొమ్మమీదికి విద్యున్ముఖి దిగింది. ఆమె ముఖం మెరుస్తూ ఆరుతూ ఉంది. “మళ్లీ ఎవరో వచ్చారు తిట్టడానికి,” అంది.

“తిట్టడానికి రాలేదు,” అంది వకుళ. “నా తలలోంచి వెళ్లిపొమ్మని అడగడానికి వచ్చాను.”

“నీ తలలో నేనెందుకుంటాను పిల్లా? నాకు ఇంత ఆకాశం ఉంది. నేను చెట్లమీద పడతాను, గుట్టలమీద పడతాను. కొబ్బరికాయంత తలలో దూరి ఏం చేసుకుంటాను?”

“మరి ఆ మెరుపు ఎవరిది?”

“నీదే. అందరి తలల్లోనూ చిన్నచిన్న మెరుపులుంటాయి. వాటితోనే మీరు చూస్తారు, మాట్లాడతారు, నవ్వుతారు. ఒకటి ఆరాక ఒకటి వెలుగుతుంది. కొందరిలో ఒక్కోసారి అన్నీ ఒకేసారి వెలుగుతాయి. అప్పుడు పడిపోతారు. ఇందులో నేను చేసిందీ లేదు, నువ్వు చేసిన తప్పూ లేదు.”

వకుళ చెట్టు మొదలును తడిమి చూసింది. తర్వాత, “ఈ బెరడు వాటిని అణుస్తుందా?” అంది.

“అణుస్తుంది. ఆ పులిని చూశావుగా, మరీ అణిగిపోయింది. ఎంత తినాలో నాకు తెలియదు. నేను పిడుగును, వైద్యురాలిని కాను. తీసుకెళ్లండి. బదులుగా ఒకటి చెయ్యండి. ఆ జబ్బుకు నా పేరు తీసెయ్యండి. మీ దేశంలో పిల్లలు వాన మొదలైతే నన్ను చూసి ఏడుస్తారు. నాకు బాగుండదు.”

వకుళ మాట ఇచ్చింది. ఇద్దరూ చెట్టు చచ్చిపోకుండా, చుట్టూ ఒలవక వాడి రాతితో ఒకవైపునుంచే బెరడు తీసుకున్నారు. రాలిన గింజలు ఏరుకున్నారు. వకుళ ఒక ముక్క నోటి దగ్గరికి తీసుకుంది. చెంగల్వ ఆ చెయ్యి పట్టుకుంది.

“ఆగండి అమ్మాయిగారూ. కొత్తరంగు వచ్చిందంటే మేం చీర ముంచం. ముందు పాతగుడ్డ ముక్క ముంచుతాం. మొదట పలచటి నీళ్లలో, తర్వాత కాస్త చిక్కటి దాంట్లో. ముక్క బాగుంటేనే చీర.”

“ఇక్కడ ముక్క ఎక్కడుంది?”

“నేనే ముక్క.”

వకుళ ఒప్పుకోలేదు. ఇద్దరూ వాదించుకున్నారు. చివరికి చెంగల్వ చిటికెడు బెరడు కుండెడు నీళ్లలో కాచి ఒక గుక్క తాగింది. ఏమీ కాలేదు. మర్నాడు కాస్త ఎక్కువ వేసింది. దారి పొడుగునా అలాగే పెంచుకుంటూ వచ్చింది. సూదంటురాయి కొండ దగ్గరకు వచ్చేసరికి ఒక పొద్దంతా లేవలేదు. వకుళ ఆమె ఊపిరి చూస్తూ పక్కనే కూర్చుంది.

“బతికే ఉంది,” అంది అలుగు. “గురక వినిపించడం లేదా? నా పెంకులు ఊడేలా ఉన్నాయి.”

చెంగల్వ లేచి, “ఇంత వద్దు. మొన్నటి పాళ్లు చాలు,” అంది. ఇద్దరూ నగరానికి చేరారు.

శంఖపాలుడు బెరడు చూసి కళ్లకద్దుకున్నాడు. పట్టు ఉన్నవారందరికీ ఆ రోజే ఇద్దామన్నాడు. వకుళ సూదంటురాయి కొండ సంగతి, ఊటల లోయ సంగతి చెప్పింది. ముసలాయన తలపట్టుకుని కూర్చున్నాడు.

“అంటే నేను ఇన్నేళ్లూ ఇచ్చిన మందులు...” అన్నాడు. తర్వాత బెరడు మూట ముందుకు లాక్కుని, “ఎలా చూద్దామో చెప్పు,” అన్నాడు.

ముగ్గురూ కూర్చుని పద్ధతి ఆలోచించారు. చెంగల్వ రెండు కషాయాలు కాచింది. ఒకటి పిడుగుమాను బెరడుది. రెండోది తంగేడు చెక్క, వేపాకు వేసిన నీళ్లు. రంగు, చేదు రెండూ ఒకేలా వచ్చేదాకా కాచింది. అప్పుడు ఆమె తల్లి మంగతాయి కుండలను లోపలి గదికి తీసుకెళ్లి, ఒకదానికి ఎర్రదారం, ఒకదానికి నీలిదారం కట్టింది. ఏ దారం దేనికో మంగతాయికి తప్ప ఎవరికీ తెలియదు. రోజూ కాచేదీ ఆమే, అద్దకం పాక దాటి రాకూడదు.

పట్టు ఉన్నవారిని పిలిచి ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఇష్టమైనవారే ఉండవచ్చు. మూసిన బుట్టలో చెయ్యి పెట్టి దారం తీసుకోవాలి. ఆ దారం రంగు కుండలోదే రోజూ తాగాలి. పట్టు వచ్చిన ప్రతిసారి ఇంటివారు గుమ్మం దగ్గరి ముంతలో ఒక చింతగింజ వెయ్యాలి. పడినవారికి ఇనుము పెట్టకూడదు, తలకింద గుడ్డ పెట్టి, కొట్టుకోవడం ఆగేదాకా చెంగల్వ నేర్పిన ముంతపాట పాడి, పక్కకు తిప్పాలి.

“నా పిల్లకి ఉత్తనీళ్లు వస్తే?” అని ఒక తల్లి అడిగింది.

“మందని తేలిన రోజునే అందరికీ ఇస్తాం,” అంది వకుళ. “నేనూ దారం తీస్తాను.” బుట్టలో చెయ్యి పెట్టింది. నీలిదారం వచ్చింది.

వానలు వెళ్లాయి, చలి వచ్చింది. వకుళ ముంతలో చింతగింజలు పడుతూనే ఉన్నాయి. కొన్ని ఇళ్లలో ముంతలు నిండలేదు. కొందరు పగలు కూడా తూగుతున్నామన్నారు. ఒకతనికి ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయి, శంఖపాలుడు అతనికి వెంటనే ఆపేశాడు. ఏటి ఒడ్డున జయకేతు పడవలకు తారు పూస్తున్నారు.

ఒకరోజు వీరకేతు ఒంటరిగా అద్దకం పాకకు వచ్చాడు. మంగతాయి చేతులు మోచేతుల దాకా నీలంగా ఉన్నాయి.

“నీలిదారం ఏదో చెప్పు తల్లీ. ఉగాది దగ్గర పడుతోంది.”

“చెప్పకూడదు ప్రభూ. తడిలో ఏ రంగైనా ముదురుగానే కనిపిస్తుంది. గుడ్డ ఆరాలి.”

“అది నా కూతురు.”

“దారం కట్టుకున్నవాళ్లంతా ఎవరో ఒకరి పిల్లలే కదా ప్రభూ,” అంది మంగతాయి. పీట తుడిచి ఆయనకు వేసింది. రాజు కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు.

మోదుగుపూలు రాలే రోజుల్లో అందరి ముంతలూ కోట ముంగిట్లోకి తెచ్చారు. ఎర్రదారంవారి గింజలు ఒకచోట, నీలిదారంవారి గింజలు ఒకచోట కుప్ప పోశారు. దారాలు తీసినప్పుడు రెండువైపులా సమానంగానే ఉన్నారు. ఇప్పుడు నీలిదారం కుప్ప మోకాలి ఎత్తు ఉంది. ఎర్రదారం కుప్ప చీలమండ దాటలేదు. మంగతాయిని పిలిపించారు.

“ఎర్రదారం బెరడు,” అంది ఆమె. “నీలిదారం తంగేడు నీళ్లు.”

ఎవరో పెద్దగా ఏడ్చారు. అది సంతోషమని తెలియడానికి కాస్త సమయం పట్టింది. శంఖపాలుడు మాత్రం ఎర్రదారంవారి ముంతలను పక్కకు తీసి చూస్తున్నాడు. వాటిలో కొన్ని నిండుగానే ఉన్నాయి. “వీళ్లకు ఇది పనిచేయలేదు,” అన్నాడు. “వీళ్లను మరిచిపోకూడదు.”

ఆ రోజే నీలిదారంవారందరికీ బెరడు కషాయం అందింది. వకుళ కూడా తాగింది. “ఒంటికి పట్టడానికి కొన్ని వారాలు పడుతుంది తల్లీ,” అన్నాడు వైద్యుడు. ఉగాదికి అన్ని వారాలు లేవు.

ఉగాదినాడు సభ నిండిపోయింది. బయట ఏటిలో పడవలు సిద్ధంగా ఉన్నాయి. వీరకేతు ఖడ్గం పైకెత్తాడు. వకుళ ముందుకు నడిచింది. చెయ్యి చాచింది. పడిపోయింది.

జయకేతు మొలనున్న తాళంచెవుల గుత్తి లాగి పరుగెత్తుకు వచ్చాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. చెంగల్వ అడ్డంగా నిలబడింది.

“ఇనుము వద్దు ప్రభూ.”

“తప్పుకో! బిడ్డ చచ్చిపోతుంది!”

“చావదు. పాట అయ్యేదాకా ఆగండి.”

చెంగల్వ వకుళ తలకింద ఉత్తరీయం మడిచిపెట్టి ముంతపాట అందుకుంది. సభలో దారాలు కట్టుకున్నవారు ఉన్నారు, వారి తల్లులు, తండ్రులు ఉన్నారు. వాళ్లకు ఆ పాట వచ్చు. ఒక్కొక్కరే గొంతు కలిపారు. జయకేతు గుత్తి పట్టుకుని నిలబడిపోయాడు. మొదటిసారి పాట పూర్తయ్యేసరికే కొట్టుకోవడం ఆగింది. చెంగల్వ ఆమెను పక్కకు తిప్పింది. సభ కదలకుండా కూర్చుంది. చాలాసేపటికి వకుళ తనంతట తాను లేచి కూర్చుంది, తర్వాత నిలబడింది.

మంత్రి ధర్మగుప్తుడు గోడ దగ్గరికి వెళ్లాడు.

“ఇనుము పట్టించి లేపవలసినవారు రాజ్యఖడ్గం పట్టరాదు,” అని చదివి, సభవైపు తిరిగాడు. “ఈమెకు ఎవరైనా ఇనుము పట్టించారా?”

జయకేతు తన చేతిలోని గుత్తి వైపు చూసుకున్నాడు.

“లేదు,” అన్నాడు. “ఇదుగో, నా దగ్గరే ఉంది.”

ధర్మగుప్తుడు రాజు చేతిలోంచి ఖడ్గం అందుకుని తానే వకుళ దగ్గరికి తెచ్చాడు. “ఈరోజు మీరు పట్టుకునే మొదటి ఇనుము ఇది,” అన్నాడు. వకుళ పట్టుకుంది.

ఆమె మొదటి ఆజ్ఞ ఆ సభలోనే ఇచ్చింది. ఇకమీద ఆ జబ్బును రక్కసిపట్టు అనకూడదు, మూర్ఛ అనాలి. ఉత్తరపు కొండమీద ఒక మెరుపు మెరిసింది. పిల్లలెవరూ ఏడవలేదు. పడవలు ఏటికి ఎగువనున్న ఊళ్లకు వెళ్లాయి, మందు అవసరమైనవారిని నగరానికి తెచ్చాయి. ఆ పని జయకేతే చూసుకున్నాడు. కడియాలు, తాళంచెవులు కరిగించి మందు కాచే కాగులు చేయిద్దామన్నారు కొందరు.

“ఇనుములో కాస్తే కషాయం నల్లబడిపోతుంది,” అంది చెంగల్వ. “గునపాలు చేయించండి.” ఆ గునపాలతో గుంతలు తవ్వి పిడుగుమాను గింజలు నాటారు.

వకుళ ముంతలో గింజలు పడటం తగ్గింది, ఆగలేదు. మళ్లీ ఉగాది వచ్చేసరికి ముంత అడుగు కనిపిస్తూనే ఉంది. ఆమె ఆ ముంతను సింహాసనం పక్కనే పెట్టుకునేది.

కొన్ని ముంతలు మాత్రం నిండుతూనే ఉన్నాయి. వాటిలో చెంగల్వ చిన్నాన్న కూతురి ముంత ఒకటి. దక్షిణాన ఏదో కోనలో ఇంకొక చెట్టు ఉందని ఎవరో చెప్పారు. మందో కాదో తెలియదు. చెంగల్వ మూట కట్టుకుంది. వకుళ కోటద్వారం దాకా వచ్చింది.

“జాగ్రత్త. పులులు ఎదురైతే నా పేరు చెప్పు.”

“దండం పెడతాయా?”

“పెట్టకపోతే వంకాయ చూపించు.”

చెంగల్వ చుట్టూ చూసింది. తల్లి కనుచూపు మేరలో లేదు.

“వెళ్లొస్తాను వకుళా,” అంది.

కుసుంభ దేశంలో ఇప్పుడు గుమ్మాలకు తాళంచెవులు లేవు. కొన్ని గుమ్మాల దగ్గర ముంతలున్నాయి. వాటిలో చాలావరకు ఖాళీగానే ఉంటాయి. ఖాళీ కానివాటి కోసం చెంగల్వ దారిలో ఉంది.